జానెడు తగ్గిన కర్టెన్

ఆ గది తలుపుకి అద్దం బిగించింది మీరే. ఇంకెవరో కాదు. బడి కమిటీ కుర్చీల్లో కూర్చుని తలలూపిన పెద్దమనుషులూ, ఆ తీర్మానం కింద సంతకం గీకిన హెడ్మాస్టరుగారూ, మీరే. పిల్లల మనసులో మాట వినడానికి బడికొక మనిషిని పెట్టమని పైనుంచి ఉత్తర్వు వస్తే మీరేం చేశారు? మెట్ల కింద గాలిపోయిన బంతులు పడేసుకునే స్టోరు ఖాళీ చేయించి, బయట కౌన్సెలింగ్ అని బోర్డు తగిలించారు. మంచినీళ్ళ కుళాయికి వెళ్ళాలంటే బడి మొత్తం ఆ గది ముందునుంచే నడవాలి. అది చాలదన్నట్టు తలుపుకి పైనుంచి కిందిదాకా గాజు. "లోపల ఏం జరుగుతోందో కనపడాలి కదండీ, రేపేమన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నారు. పిల్లని పిలవాలంటే మైకు. ఫలానా తరగతి, ఫలానా అమ్మాయి, కౌన్సెలింగ్ రూముకి రావలెను! గుట్టుగా కాసేపు ఏడ్చి పోదామని వచ్చే పిల్లని దండోరా వేసి పిలిచి, గాజు పెట్టెలో కూర్చోబెట్టి, ఆనక మీరే ముక్కున వేలేసుకున్నారు: గది ఇచ్చాం కదా, పిల్లలు రారేం?

ఈ వారం టైలరమ్మ చేసిన తప్పు పాఠకులు చదవబోతున్నారు. చదివి ఆమెని తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి, తప్పు తప్పే. కానీ తిట్ల వరసలో మొదటి చోటు మీది. జరగండి, ముందుకొచ్చి నిలబడండి.

పోయిన వారం కథ ఆ గాజు దగ్గరే ఆగింది. బడి యూనిఫాంలన్నీ కుట్టే టైలరమ్మకి ఒక కర్టెన్ పని తగిలింది. కౌన్సెలర్ మేడం అడగ్గా అడగ్గా, చివరికి మీరే విసుగెత్తి, యూనిఫాం గుడ్డలో మిగిలిన ముక్కతో ఆ అద్దానికి కర్టెన్ కుట్టించమన్నారు. ఆ మేడంని పిల్లలు చెవుల మేడం అంటారు. నోటితో తక్కువ, చెవులతో ఎక్కువ పని చేస్తుందని. టైలరమ్మ కర్టెన్ భుజాన వేసుకుని, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. అద్దంలోంచి చూస్తే లోపల ఒక పిల్ల కుర్చీలో వెనక్కి వాలి, నోరంతా తెరిచి పడీపడీ నవ్వుతోంది.

ఆ పిల్ల ఆమె కూతురే. తొమ్మిదో తరగతి. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు, ఒకప్పుడు నోరు మూయకుండా కిచకిచమనేది గనక. ఈ ఏడాది ఆ పిల్ల నోరు మూతపడింది. లెక్కల క్లాసులో బోర్డు దగ్గరికి పిలిస్తే ఊపిరి అందదు, వేళ్ళు చల్లబడతాయి, తలుపు ఎటుందో కళ్ళతో వెతుక్కుంటుంది. ఇంట్లో ఏం అడిగినా రెండు మాటలే: ఏం లేదు. ఆ ఏం లేదు పిల్ల, ఈ గదిలో, ముక్కూమొహం తెలియని ఆవిడ ముందు నవ్వుతోంది!

టైలరమ్మ తలుపు కొట్టలేదు. కొలత తేడా వచ్చిందని గొణుక్కుంటూ కర్టెన్ తీసుకుని వెనక్కి తిరిగింది. అక్కడ ఆపాను. ఇక వినండి.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చేసరికి ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది. కాలు తొక్కుడు మీద ఉంది గానీ తొక్కట్లేదు.

"ఏం చేశావే ఇవాళ బళ్ళో?"

"ఏం లేదు."

"ఎవరితో మాట్లాడావు?"

"ఎవరితో లేదు."

"నవ్వావా?"

పిల్ల సంచి దించుతూ ఆగి తల్లి మొహంలోకి చూసింది. "నవ్వడమేంటమ్మా?"

"ఊరికే అడిగాను. మనుషులన్నాక నవ్వరా? నవ్వినట్టు ఎవరికన్నా కనపడితే నీ సొమ్మేం పోదుగా!"

"నాకు తలనొప్పిగా ఉంది," అని పిల్ల లోపలికి పోయి గోడకేసి తిరిగి పడుకుంది.

తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఇంటికొచ్చినా నిద్రకే వస్తాడు. ఆ పిల్లని పెంచింది ఈమె, ఈ మిషన్. చిన్నప్పుడు మిషన్ బల్ల కింద గుడ్డపీలికల్లో కూర్చుని అది చెప్పే కబుర్లకి అంతుండేది కాదు. అమ్మా, ఇవాళ మా టీచరు రెండు రంగుల చెప్పులేసుకొచ్చింది! అమ్మా, నాకు మీసాలొస్తే ఏం చేస్తావు? ఆమె కుట్టుకుంటూ ఊఁ కొట్టేది. ఇప్పుడు ఆ కబుర్లన్నీ ఆ గదిలో ధారపోస్తోంది. ఎవరికి? నొప్పులు పడిందా ఆవిడ? జ్వరమొస్తే ఒళ్ళో వేసుకు కూర్చుందా? వారానికొకసారి కుర్చీలో కూర్చుని తలూపితే నా పిల్ల నవ్వు ఆమెదైపోతుందా?

అసూయ అంటే కళ్ళల్లో ఎరుపు, పళ్ళు కొరకడం అని మీరనుకుంటారు. కాదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి అది దిగుతుంది. వంటచేసే మనిషైతే ఉప్పులోకి దిగుతుంది. ఈమె కత్తెర పట్టే మనిషి. కర్టెన్ బల్ల మీద పరిచింది. మేడం ఇచ్చిన కొలత నేలదాకా. గుడ్డ కూడా నేలదాకా ఉంది, అంచు మడవడానికి ఇంకా మిగిలింది. సుద్దముక్కతో కింద జానెడు పైకి గీత గీసింది. గీత మీద కత్తెర పెట్టింది. కరకరమని కోసేసింది. అంచు మడిచి, ఇంత శుభ్రంగా కుట్టు వేసింది.

ఎందుకు? నవ్వు ఎటూ కనపడనివ్వరు. కాళ్ళన్నా కనపడనీ. అంతే ఆమె అనుకున్నది. కసి కాదు, కుట్ర కాదు. కూతురి కాళ్ళు చూసుకుందామన్న ఆశ. ఆ ఆశకి ఉన్న బుద్ధి జానెడే.

మర్నాడు కర్టెన్ కట్టింది. మేడం కిందికి వంగి చూసి, "పొట్టిగా వచ్చినట్టుందే?" అంది.

"గుడ్డ చాల్లేదు మేడం. మిగిలిన ముక్కేగా ఇచ్చారు. అతుకేస్తే అసహ్యంగా ఉంటుంది."

"సర్లెండి, అసలు లేనిదానికంటే నయం." పాపం, నమ్మింది.

అవి కొత్త యూనిఫాంల కొలతల రోజులు. టైలరమ్మ వరండాలో బల్లేసుకుని టేపు మెడలో వేసుకుని కూర్చునేది. వరసలో నిలబడ్డ పిల్లల భుజాలు కొలుస్తూనే ఒక కన్ను ఆ తలుపు కిందే. పిల్ల లోపలికి వెళ్ళేది. కర్టెన్ కింద రెండు తెల్ల బూట్లు. మొదట నేలకి అంటుకుని ఉండేవి. కాసేపటికి ఒకటి కదిలేది. తర్వాత రెండూ ఊగేవి, బెంచీ ఎక్కి కూర్చున్న చంటిపిల్ల కాళ్ళలాగా, ముందుకీ వెనక్కీ. ఇంట్లో ఆ కాళ్ళు ఎప్పుడూ ఒంటి కింద ముడుచుకునే ఉంటాయి. ఊగుతున్న ఆ కాళ్ళని చూసి ఆమెకి ముద్దొచ్చేది, వెంటనే కడుపులో మంట లేచేది. కొలతలు తప్పేవి. "ఆంటీ, నా నడుం అంత లావా?" అని ఒక పిల్ల ఏడుపు మొహం పెట్టింది కూడా.

ఆమెకి కనపడింది కదా, మరి మిగతావాళ్ళ కళ్ళు మూసుకున్నాయా?

బడి బూట్లన్నీ ఒక్కలాంటి తెల్ల బూట్లే. అందులో ఎవరి కాళ్ళని గుర్తుపడతారు? కానీ పిచ్చుక ఎడమ బూటు పక్కన చిరిగితే తెల్లదారం అయిపోయి టైలరమ్మ నీలం దారంతో కుట్టింది. గట్టి కుట్టు. వరస తప్పని చక్కటి కుట్టు. బడి మొత్తంలో నీలం దారం బూటు ఒక్కటే. నీళ్ళు తాగడానికి వచ్చిన పిల్లలు వంగి చూడటం మొదలుపెట్టారు. ఏడుపు గదిలో ఇవాళ ఎవర్రా? నీలం దారం! ఇంకో రోజు, ఇవాళెవర్రా? మళ్ళీ నీలం దారమే! ఆ పేరు కుళాయి దగ్గర పుట్టి క్లాసులోకి వచ్చి, వెనక బెంచీలో స్థిరపడింది. పిల్ల ఒకరోజు బూటు మీది కుట్టుని గోటితో పీకి చూసింది. ఊడలేదు. తల్లి కుట్టు మరి.

పిచ్చుక ఆ గదికి వెళ్ళడం మానేసింది.

మైకులో పిలిచారు, వెళ్ళలేదు. మళ్ళీ పిలిచారు, క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది గానీ పిల్ల తలెత్తలేదు. కర్టెన్ కింద ఖాళీ నేల. వరండాలో టైలరమ్మ ఆ ఖాళీ నేల చూసి ఏమనుకుందో చెప్పనా? గెలిచాననుకుంది! మోజు తీరింది, ఇక నా పిల్ల నా దగ్గరికే వస్తుంది అనుకుంది. ఆ సాయంత్రం మిషన్ బల్ల కింద గుడ్డపీలికలు సర్ది చోటు కూడా చేసింది. తొమ్మిదో తరగతి పిల్ల బల్ల కింద ఇముడుతుందా? అసూయకి కొలతలు తెలీవు, టేపు మెడలో ఉన్నా.

పిల్ల రాలేదు. ఇదివరకు ఏం లేదు అనే రెండు మాటలన్నా ఉండేవి. ఇప్పుడు తల అడ్డంగా ఊపడమే.

అయినా టైలరమ్మ ఆగలేదు. గెలిచిన మనిషి ఓడినవాళ్ళ మొహం చూడకుండా ఉండగలదా? మర్నాడు మధ్యాహ్నం కొలతల పని ఆపి, ఆ తలుపు తోసి లోపలికి వెళ్ళింది.

"ఖాళీగా ఉన్నట్టున్నారు మేడం?"

చెవుల మేడం బల్ల దగ్గర నుంచి లేచింది. "మంచి సమయానికి వచ్చారు. మీకే కబురు పెడదామనుకుంటున్నా. కూర్చోండి అక్కా."

"అక్కా అనకండి. నన్ను అక్క అంటే నా పిల్లకి మీరు పిన్ని అయిపోతారు. ఇప్పటికే సగం అయ్యారు."

మేడం నవ్వబోయి, ఎదుటి మొహం చూసి మానుకుంది. టైలరమ్మ కుర్చీలో కూర్చుంది. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ. పిల్లలు కూర్చునే కుర్చీ.

"నా పిల్ల రావడం మానేసింది కదా," అంది టైలరమ్మ. "నేనేం మాన్పించలేదు, ముందే చెప్తున్నా. దానంతట అదే మానేసింది. ఎంతైనా పిల్లలకి తెలిసిపోతుంది మేడం, అసలు మనిషెవరో, అరువు మనిషెవరో."

"ఇంట్లో మాట్లాడుతోందా?"

"ఆఁ. వాగుతూనే ఉంటుంది. నా చెవులు హోరెత్తిపోతున్నాయనుకోండి."

"ఏం మాట్లాడుతోంది?"

టైలరమ్మ మెడలో టేపు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చెప్పండి. ఒక్క మాట చాలు. నిన్న ఏం మాట్లాడింది?"

"మా ఇంటి మాటలు మీకెందుకు? మీ గది మాటలు మీరు నాకు చెప్తున్నారా?"

మేడం జవాబు చెప్పేలోపు బయట కాళ్ళ చప్పుడు. కర్టెన్ కింద చిన్న చిన్న బూట్లు గుంపుగా ఆగాయి. గుసగుసలు.

"ఎవర్రా ఇవాళ? నీలం దారమా?"

"కాదురా, చెప్పులు! పెద్ద చెప్పులు!"

"ఉండు, నేను చూస్తా."

కర్టెన్ కింద ఒక మొహం తలకిందులుగా ప్రత్యక్షమైంది. గాజుకి ముక్కు ఆనించి, జుట్టు నేలకి వేలాడుతూ, కళ్ళు ఇంత చేసుకుని. ఆ కళ్ళు టైలరమ్మ కళ్ళతో కలిశాయి.

"ఒరేయ్! టైలరాంటీరా! టైలరాంటీ కూడా ఏడుపు గదికొచ్చిందిరో!"

పకపకలు, పరుగులు. వరండా అంతా ఆ కేక దొర్లుకుంటూ పోయింది. కొలతల బల్ల దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళూ ఇటు తిరిగారని, ఆ చెప్పులు ఎవరివో ఇప్పుడు బడి మొత్తానికీ తెలిసిపోయిందని టైలరమ్మకి చూడకుండానే అర్థమైంది. ఆమె తెలియకుండానే కాళ్ళు వెనక్కి లాక్కుని కుర్చీ కింద దాచుకుంది. దాచుకున్నాక, తనేం చేసిందో చూసుకుంది. ఇంట్లో తన పిల్ల కాళ్ళు అలాగే ఉంటాయి.

"నీలం దారం అంటే," అంది నెమ్మదిగా.

"మీ అమ్మాయి. బడిలో దాని పేరు ఇప్పుడదే." మేడం కర్టెన్ వైపు చెయ్యి చూపించింది. "ఎందుకు రావట్లేదో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇవాళే తెలుసుకున్నా. నన్ను నేను తిట్టుకుంటున్నా, ఆ రోజే కర్టెన్ వెనక్కి ఇచ్చేయాల్సింది. గుడ్డ చాల్లేదంటే నా చీర చింపి ఇచ్చి ఉండాల్సింది."

"గుడ్డ చాలింది."

"ఏంటీ?"

"మిగిలింది కూడా." టైలరమ్మ తల ఎత్తలేదు. "నేనే కత్తిరించాను."

వినడమే ఉద్యోగమైన మనిషికి కూడా వినలేని మాటలుంటాయి. మేడం కుర్చీ వెనక్కి నెట్టి నిలబడింది.

"మీరు? సొంత తల్లి? ఎందుకు?"

"దాని కాళ్ళు చూసుకుందామని."

"కాళ్ళు ఇంట్లో ఉంటాయిగా!"

"ఇంట్లో ఊగవు మేడం!" టైలరమ్మ అరిచింది. "మీ దగ్గరే ఊగుతాయి! మీ దగ్గరే నవ్వుతుంది! నేను రోజంతా మిషన్ తొక్కి దానికి బట్ట, బూటు, తిండి అన్నీ నేనిస్తే, అది నవ్వు తెచ్చి మీకిస్తుందా? ఏం మందు పెట్టారు నా పిల్లకి?"

"ఏమీ పెట్టలేదు. అది చెప్పింది, నేను విన్నాను. అంతే."

"నేను వినలేదా? పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉన్నా!"

"నా మీద కుళ్ళు మీకు. సరే. నాకు మీ మీద లేదనుకున్నారా?" మేడం మాట జారిందని తెలిసినా ఆపలేదు. "నా కొంపకెళ్తే తలుపు తీసేవాళ్ళు లేరు. ఇక్కడ రోజంతా మా అమ్మ, మా అమ్మ అని వినడమే నా బతుకు. మా అమ్మ కుట్టింది, మా అమ్మ తిట్టింది, మా అమ్మ అలిసిపోయింది. ఎంత విన్నా బెల్లు కొట్టగానే సంచి తగిలించుకుని మీ ఇంటికే వస్తుంది. వెనక్కి తిరిగి చూడదు. చూడకూడదు కూడా, అలా అయితేనే నా పని సరిగ్గా చేసినట్టు. మీకు కాళ్ళు కనపడలేదని కర్టెన్ కోశారు. నాకు పిల్లలే లేరు, నేనేం కొయ్యాలి?"

టైలరమ్మ మొదటిసారి ఆవిడ మొహం సరిగ్గా చూసింది. చూసినా లోపలి మంట చల్లారలేదు. మా అమ్మ, మా అమ్మ అన్న మాట మాత్రం పట్టుకుంది.

"నా గురించి ఏం చెప్పింది?"

"చెప్పను."

"తిట్టిందా?"

"చెప్పను."

"నేను కన్నతల్లిని!"

"అందుకే చెప్పను."

"చెప్పకపోతే ఈ కుర్చీలోంచి లేవను. నా పిల్ల కడుపులో ఏముందో ఎవరో ఊరిపేరు లేనావిడకి తెలిసి, నాకు తెలియకపోవడమేంటి? చెప్పండి! నేనేం తప్పు చేశాను? నా దగ్గర ఎందుకు నోరు మూసుకుంటుంది?"

"నువ్వు ఏడుస్తావు కాబట్టి."

ఆ మాట మేడం అన్నది కాదు. ఇద్దరూ తలుపు వైపు తిరిగారు. తలుపు తెరిచి, కర్టెన్ ఒక పక్కకి తోసి పిచ్చుక నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. తలుపు చట్రం గట్టిగా పట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచారు, వెనక నుంచి ఎవరో దారం అన్నారు, ఊపిరి అందలేదు. పారిపోవడానికి ఆ పిల్లకి బడి మొత్తంలో ఈ గది తప్ప వేరే చోటు లేదు. ఎవరు వెక్కిరించినా సరేనని వచ్చింది. వస్తే, తన కుర్చీలో అమ్మ.

"నువ్వేనామ్మా కోసింది?"

"అమ్మలూ, అది కాదే..."

"కోశావా, లేదా?"

"కోశాను."

పిల్ల గాలి మింగుతూ, ఒక్కో మాటా లాగి లాగి చెప్పింది. "ఒకసారి నీకు చెప్పాను. గుర్తుందా? బోర్డు దగ్గర ఊపిరి ఆడట్లేదు, చచ్చిపోతానేమో అనిపిస్తోందమ్మా అని. నువ్వేం చేశావు? మిషన్ ఆపేసి తల బాదుకుని ఏడ్చావు. నేనేం పాపం చేశాను, నా పిల్లకే ఎందుకిలా అని. నేను నీ తల నిమిరాను. నీళ్ళు తెచ్చిచ్చాను. తగ్గిపోయిందమ్మా, ఏం లేదమ్మా అన్నాను. నువ్వు ఊరుకున్నావు. అప్పట్నుంచీ ఏం లేదు అంటే నువ్వు ఏడవవు. అందుకే ఏం లేదు. ఇక్కడైతే..." ఊపిరి తెగింది. మళ్ళీ అందుకుంది. "ఇక్కడైతే నేను ఎవర్నీ ఓదార్చక్కర్లేదు."

టైలరమ్మ మొహం ముడుచుకుపోయింది. కళ్ళు నిండిపోయాయి.

"చూడు," అంది పిల్ల. "మళ్ళీ మొదలుపెట్టావు."

అంటూనే ఆ పిల్ల చెయ్యి చట్రం వదిలి, దానంతటదే తల్లి భుజం వైపు వచ్చింది. తనకి ఊపిరి ఆడట్లేదు. అయినా చెయ్యి ఓదార్చడానికి వస్తోంది! అలవాటైపోయిన చెయ్యి. టైలరమ్మ ఆ చేతిని చూసింది. ఇన్ని నెలలుగా ఆమె చూడాల్సింది కాళ్ళు కాదు, ఆ చెయ్యి.

"అక్కా," అంది మేడం మెల్లగా. "బయటికి వెళ్ళండి."

కుర్చీలోంచి లేవడం ఆమెకి ఎంత కష్టమైందో నేను రాయలేను. పిల్లని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏడుపు ఆగదని తెలుసు. పక్కనుంచి తప్పుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల మేడం గొంతు వినపడింది. "కూర్చో. ఏం మాట్లాడకు. కాళ్ళు నేల మీద ఆనించు. నేనిక్కడే ఉన్నా."

ఆ మాటలు తనకెందుకు రాలేదు? అంత చిన్న మాటలు! ఒళ్ళంతా భగ్గుమంది.

వరండాలో అప్పటికే గుంపు పోగైంది. ఎవరో వంగుతున్నారు. టైలరమ్మ ఒక్క ఉదుటున తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపలికి చూడాలని ప్రాణం లాగుతున్నా తల తిప్పలేదు.

"ఎవడన్నా వంగాడో, వాడి లాగుకి కుట్టే దగ్గర కుట్టను!"

కిసుక్కుమని నవ్వి గుంపు రెండడుగులు వెనక్కి తగ్గింది. అప్పుడే హెడ్మాస్టరు వచ్చారు, చేతులు వెనక కట్టుకుని.

"ఏంటి టైలరమ్మా, ఇక్కడ గుంపు? లోపల అరుపులేంటి? పై అంతస్తు దాకా వినపడుతున్నాయి."

"ఏం లేదు సార్," అని, తన నోట్లోంచి వచ్చిన మాట తనే విని అదిరిపడింది. "కాదు. ఉంది."

"ఉంటుంది, నాకు తెలుసు. ఈ గది పెట్టినప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు. పిల్లలు క్లాసులు ఎగ్గొట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. మీ అమ్మాయి కూడా దీంట్లో పడిందని విన్నాను." గొంతు తగ్గించి దగ్గరికి వచ్చారు. "మీరు తల్లి. మా పిల్లని ఇక్కడికి పిలవద్దు, ఈవిడ మాకొద్దు అని నాతో ఒక్క మాటనండి. సాయంత్రం కమిటీలో పెట్టి తాళం వేయించేస్తా. బంతులన్నీ బయట వానకి తడుస్తున్నాయి."

ఒక్క మాట. ఆమె కడుపులో ఇన్నాళ్ళుగా మండుతున్నది సరిగ్గా ఆ మాటే. అడక్కుండానే వడ్డించి మరీ పెడుతున్నారు. ఆవిడ పోతుంది. గది పోతుంది. నవ్వడానికి ఇక వేరే చోటుండదు పిల్లకి.

వీపు వెనక, గాజు అవతల, పిచ్చుక గొంతు మొదలైంది. మాటలు తెలియట్లేదు. ముందు ఆగి ఆగి, తర్వాత జలజలమని. ఒకప్పుడు మిషన్ బల్ల కింద నుంచి వచ్చిన గొంతే అది. ఊఁ కొడుతున్నది మాత్రం వేరే మనిషి.

"చెప్పండమ్మా. వద్దనేగా?"

"నాకు ఈ మేడం అంటే పడదు సార్," అంది టైలరమ్మ. "ఇప్పటికీ పడదు. నా పిల్ల గొంతు ఆవిడకి వినపడుతుంటే నాకు ఇక్కడ కాలిపోతోంది. ఇంటికెళ్ళినా కాలుతుంది. అది నా ఖర్మ, నేను పడతాను. కానీ నా పిల్లకి ఊపిరి ఆడుతున్నది ఈ గదిలో సార్. దీనికి తాళం వేస్తానంటే, నా పిల్ల ముక్కూ నోరూ మూస్తానన్నట్టే."

"మాట జాగ్రత్త. యూనిఫాం కుట్టు ఎవరికివ్వాలో కూడా కమిటీయే చూసుకుంటుంది. గుర్తుంచుకోండి."

"గుర్తుంది. ఈ కర్టెన్ పాడుచేసింది నేనే. ఆ తప్పు నాదే, నా పిల్ల కాళ్ళు పట్టుకుంటా. కానీ వినే గదికి గాజు తలుపు పెట్టింది నేను కాదుగా? ఏడుపొచ్చిన పిల్లని మైకులో కేకేసింది నేను కాదుగా?"

"అది రూలమ్మా. తప్పుకోండి, లోపలికెళ్ళి నేను మాట్లాడతా."

టైలరమ్మ తప్పుకోలేదు. మోచేతులు రెండు పక్కలా చట్రానికి తన్నిపెట్టింది.

"ఇక్కడున్న ప్రతి పిల్ల ఒంటి మీదా నా కుట్టుంది సార్. ప్రతి పిల్ల తల్లీ నా మిషన్ ముందు కూర్చుని వెళ్ళిందే. ఎవరి పిల్ల అన్నం మానేసిందో, ఎవరి పిల్ల పక్క తడుపుతోందో, ఎవరి పిల్ల గోళ్ళు నెత్తురొచ్చేదాకా కొరుకుతోందో నా దగ్గర చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళే. వాళ్ళందరి ఇళ్ళూ నాకు తెలుసు. ఈ అద్దం ఊడదీసి చెక్క తలుపు పెట్టించండి. ఇవాళే, బడి వదిలేలోపే. పిల్లల పేర్లు మైకులో అరవడం ఈ గంట నుంచే ఆపండి. వడ్రంగిని మీరు పిలుస్తారా? ఆ తల్లులందర్నీ నేను పిలవనా?"